సంపు గది తీగ

మా భవనంలో నెలకొక ఆదివారం ఉదయం, బండ్లు నిలిపే చోట కుర్చీలు వేసి సమావేశం జరుపుతారు. ధర్మవరంలో ఇళ్లు అంతస్తులుగా లేచిన తరువాత వచ్చిన ఆచారమిది. అటువంటి ఒక సమావేశంలో మా సంఘం అధ్యక్షుడు నా భార్యను దొంగను చేశాడు.

ఆ మాటను అతడు సూటిగా అనలేదు. అందరమూ కలిసి బిల్లు కట్టే కామన్ మీటరు మితిమీరి తిరుగుతున్నదని, లిఫ్టుకూ మెట్ల దీపాలకూ అంత కరెంటు పట్టదని చెప్పి, మా తలుపు వైపు చూశాడు.

"కింది ఇంట్లో పొద్దంతా మిషను తిరుగుతాంది. ఆ కరెంటు యాడ నుంచి వస్తాందో ఆ యమ్మనే అడగండప్పా."

కొందరు నవ్వారు. ఆ సమయంలో నా భార్య గడపలోనే నిలబడి ఉంది.

ఆమె పట్టునూలును కండెలకు చుట్టి మగ్గాలవారికి ఇస్తుంది. చిన్న మోటారుతో నడిచే మిషను అది. నా పింఛనుతో ఇల్లు గడుస్తుంది కాబట్టి ఆ పని మాకు జీవనాధారం కాదు. అయితే ఊళ్లో ఆమెకు ఒక పేరుంది. ఆమె చుట్టిన నూలు మగ్గం మీద తెగదని నేతగాళ్లు చెప్పుకుంటారు. నా భార్య అని కాదు, ఆ పనితోనే ఆమెను గుర్తిస్తారు. ఆ రోజే ఆమె మిషను మీద పాత చీర కప్పింది. నూలు తెచ్చినవారిని వేరే ఇంటికి పంపింది. కారణం అడిగినవారికి నడుము నొప్పి అని చెప్పింది.

క్షమ ఉత్తమ గుణమని పిల్లలకు బోధించినవాణ్ణే నేను. కానీ నేను బోధించిన ప్రధాన విషయం భౌతికశాస్త్రం. ఆధారం చూపని వాక్యానికి నేనెన్నడూ మార్కు వేయలేదు. ఈ మనిషి ఏ చోట, ఎవరి ముందు ఆ మాట అన్నాడో, ఆ చోటనే, వారి ముందే దాన్ని వెనక్కి తీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

దారి అతడే చూపించాడు. మిషను ఆగిపోయిన తరువాత మా ఇల్లు నిశ్శబ్దమైంది. ఒక ఉదయం వంటగదిలో నా భార్య గోడకు చెవి ఆనించి నన్ను పిలిచింది.

"ఇట్ల రాండి. గోడ యెనకాల ఏందో గుర్రుమంటాంది. ఇన్నాళ్లూ మన మిషను సద్దులో ఇనపడల్లేదు."

నేనూ విన్నాను. ఆ గోడ వెనుక భవనానికంతటికీ నీరు నిలువ చేసే సంపు, దాని పక్కన ఒక చిన్న గది ఉన్నాయి. గది తాళం అధ్యక్షుని దగ్గర ఉండేది. భవనం పెద్ద మోటారు ముందు వైపున ఉంది. అది తిరిగితే అందరికీ తెలుస్తుంది. ఈ చప్పుడు వేరు. అధ్యక్షుని ఇంట్లో బట్టలుతికే ఆదివారాల్లో ఎక్కువసేపు వినిపించేది. సంపు నీళ్లు చాలక మిగిలిన ఇళ్లవారు నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో తోసుకుంటున్నప్పుడు అతని ఇంటి నుంచి ఒక్క బిందె కూడా దిగకపోవడం నాకు అప్పుడు అర్థమైంది.

తరువాతి సమావేశంలో నేను ఒకే ప్రతిపాదన చేశాను. కామన్ బోర్డు నుంచి బయలుదేరే ప్రతి తీగకూ కరెంటు కొలిచే సెన్సరు పెట్టాలి. ఏ తీగ ఎంత లాగుతున్నదో ఫోనులో అందరికీ కనిపించాలి. అధ్యక్షుడు నవ్వాడు.

"పెట్టుకోండి సారూ. మాకేమన్నా బయమా? ఫస్టు మీ ఇంటి కాడే మొదలుపెడదాం."

తీగను తెంచకుండా దాని చుట్టూ ఉంగరంలా బిగించే సెన్సర్లు తెప్పించాను. మరుసటి నెల ఆదివారం, కుర్చీలన్నీ నిండిన తరువాత, ఎలక్ట్రీషియను బోర్డు తెరిచాడు. నా కోరిక మీద నా భార్య చీర తీసి మిషను నడిపింది. మా సొంత మీటరు తీగ మీద అంకె లేచింది. అప్పటికి సెన్సర్లు బిగించిన కామన్ తీగల మీద ఏ అంకే కదలలేదు. ఒకరిద్దరు తల దించుకున్నారు. నాకు అది చాలలేదు.

మిషను ఆపి, నా భార్య వంటగదిలోకి వెళ్లి వచ్చింది. గోడ వెనుక మోటారు తిరుగుతున్నదని నాకు తల ఊపి చెప్పింది.

"ఇక సంపు గది తీగ" అన్నాను.

"అది బల్బు తీగ సారూ! దానికి గూడా బిగించల్నా?" అంటూ అధ్యక్షుడే లేచాడు. ఎలక్ట్రీషియను చేతిలోని సెన్సరు లాక్కొని, ఆ లావు కేబులు మొత్తానికి చుట్టి బిగించాడు. ఫోనులో సున్నా కనిపించింది.

"చూడండప్పా! సున్నా! దీంట్లో కరెంటు పోతాంటే నేనే ఆ యమ్మ గడప కాడికి పోయి తప్పయిందని చెప్తా!"

ఆ మాట కోసమే నేను నోరు మెదపలేదు. ప్రయోగశాలలో ఏటా ఎవరో ఒక విద్యార్థి చేసిన పొరపాటే అది. కేబులు లోపల కరెంటు పోయే తీగ, తిరిగి వచ్చే తీగ రెండూ ఉంటాయి. రెండింటినీ ఒకే ఉంగరంలో బిగిస్తే ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తుంది. ఎంత కరెంటు పారినా సున్నాయే చూపుతుంది. అతని చేత ఆ మాట మరొకసారి, అందరికీ వినిపించేలా అనిపించాను. అప్పుడు ఎలక్ట్రీషియనుతో, "పై తొడుగు చీల్చి, ఒక్క తీగకే బిగించు" అన్నాను.

అంకె ఒక మోటారు లాగేంత లేచింది. బల్బు ఏదీ అంత తినదు.

తాళం తెరిపించారు. గదిలో చిన్న మోటారు, దాని నుంచి అధ్యక్షుని సొంత ట్యాంకుకు ఎక్కే పైపు బయటపడ్డాయి. మూడో అంతస్తు ముసలామె అతని ఎదురుగా నిలబడింది.

"ఏమప్పా, మేము బిందెల కాడ జుట్లు పట్టుకుంటాంటే, నువ్వు మా నీళ్లు మా కరెంటుతోనే ఎక్కించుకుంటాంటివా?"

పైపును ఆ పూటే కోయించారు. అధ్యక్ష పదవి వద్దని అతడే అన్నాడు. రేపు మాట్లాడదామని నన్ను పక్కకు పిలిచాడు. నేను కదలలేదు.

"గడప అక్కడ ఉంది" అన్నాను.

అతడు మా గడప దగ్గరకు నడిచేసరికి నా భార్య మిషను ముందు కూర్చొని మళ్లీ నడుపుతోంది. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. అతని వెనుక జనం మెట్ల దాకా నిలబడ్డారు.

"తప్పయిపాయ వదినా" అన్నాడు.

"ఏందన్నా? ఈ సద్దులో ఇనపడల్లే."

ఇంకొంచెం గట్టిగా అన్నాడు. ఆమె నూలు మీద నుంచి చూపు తిప్పలేదు.

"కరెంటు యాడ నుంచి వస్తాందో నన్నే అడగమంటివి గదన్నా. అడుగు."

"మీ మీటరు నుంచే వదినా!" అని అతడు అరిచాడు. మెట్ల మీద ఎవరో నవ్వారు.

"ఇంగోసారి చెప్పన్నా. పై ఇండ్లకు ఇనపడల్లేదేమో."

మిషను ఆపమన్నట్టు అతడు నా వైపు చూశాడు. మిషను స్విచ్చు నా చేతికి అందే దూరంలోనే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు.