వసంత చెరిపిన అంచు

గద్వాల నేతగాళ్లలో వసంత పని వేరు. మగ్గం మీదికి ఎక్కబోయే చీర అంచును ముందుగా ఆమె కంప్యూటర్‌లో గడి గడికీ రంగు నింపి గీస్తుంది. ఆ గీతను చూసే అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టల్ని బట్టే మగ్గం మీద పువ్వు లేస్తుంది.

పక్షవాతంతో మంచం పట్టిన తండ్రి హనుమంతు, ఇప్పుడెవరూ నేయని ఓ పాత అంచును పోగు పోగూ తలుచుకుని వేసవంతా చెప్పాడు, ఆమె గీసింది. "పండుగనాడు ఒక్కపారి కండ్లార చూపియ్యి బిడ్డా" అన్నాడు. మాట ముద్దగా, మతి మసకగా అయిపోతున్న మనిషి. అంతకు మించి ఆయన అడిగిందేముంది?

దసరాకు మగ్గాలు తుడిచి పసుపు కుంకుమలు పెడుతుంటే, కంప్యూటర్‌ను మాత్రం పాతగా వదలడమెందుకు అనుకుంది వసంత. దాన్ని నడిపించే లినక్స్‌ను కొత్తది చేసుకొమ్మని ఎన్నాళ్లుగానో అది అడుగుతున్న అప్‌గ్రేడ్‌కు సరేనంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది! మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర, మూలన మిణుకుమనే ఒక గీత, అంతే.

కొత్తకోటలో కంప్యూటర్ దుకాణం నడిపే ప్రశాంత్‌కు ఫోన్ చేసింది. ఆ లినక్స్ ఎక్కించింది అతనే.

"పరేషాన్ గాకు అక్కా. తెరను నడిపే డ్రైవర్ కొత్త లినక్స్‌కు కుదుర్తలేదు, గంతే. నీ ఫైళ్లు లోపల్నే ఉన్నయి. పండుగైనంక వచ్చి చేస్త. గప్పటిదాంక జర ముట్టకు."

ముట్టకుండా ఉంటే ఎంత బాగుండేది! కానీ "అయ్యిందా బిడ్డా?" అని పక్క గదిలోంచి పిలిచే గొంతు ఆగితే కదా. పండుగ పొద్దున, ప్రశాంత్ ఎప్పుడో ఇచ్చిన లినక్స్ పెన్‌డ్రైవ్ తీసి పెట్టింది. తెర వెలిగింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కొత్తగా ఎక్కించాలా అని అడిగితే ఎక్కించమంది. పాతది చెరిపేస్తానని అది చెప్పనే చెప్పింది. చెరిపితే ఏం? నేతింట్లో నిలువు పోగుల పడుగు అయిపోతే కొత్త పడుగును పాత కొసలకే అతుకుతారు. తన గీత కూడా అట్లాగే కొత్త లినక్స్‌కు అతుక్కుంటుందనుకుంది పిచ్చితల్లి.

తెర తళతళలాడుతూ వచ్చింది. లోపల ఒక్క ఫైలూ లేదు.

మళ్లీ ప్రశాంత్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. "ఎంత పని చేస్తివక్కా. పెన్‌డ్రైవ్ పెట్టంగనే తెర వచ్చె గదా, కొత్తది ఎక్కియ్యకుండ గట్లనే లోపలి ఫైలు తెరిచి నాయినకు చూపియ్యొచ్చుండె. ఇగ నాతోని గాదు."

వసంత గోడకు తల కొట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, గళ్ల కాగితం తీసుకుని తండ్రి మంచం పక్కన కూర్చుంది.

"నాయినా, నేనే చెడగొట్టిన. ఇంకోపారి చెప్పవా?"

హనుమంతు కోప్పడలేదు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. మొదటి పువ్వు దాకా చక్కగా చెప్పి ఆగాడు. కళ్లు తెరిచి కూతురి ముఖంలో వెతికాడు.

"దాని తర్వాత ఏంది బిడ్డా? నీకు యాదుందా?"

వసంతకు గుర్తు లేదు. కంప్యూటర్‌లో ఉంది కదా అని ఆమె ఏనాడూ గుర్తు పెట్టుకోలేదు.