కడుపు మండినవాడు రాసిన సన్మాన పత్రం

హిందూపురంలో పటాలు కట్టే కొట్టు ముందు నిలబడితే నాకు వార్నీషు వాసన కంటే ముందు అసూయ తగులుతుంది. మొన్న బదిలీ అయిన మా డ్రాయింగు మాస్టరు సన్మాన పత్రానికి ఫ్రేము కట్టించడానికి పోయినప్పుడూ అంతే. కొట్టువాడు అద్దం తుడుస్తుంటే, నేను ఖాదర్‌వలీ సారును తలచుకుని మళ్లీ ఓసారి కుళ్లుకున్నాను. ఆయన రిటైరై ఏళ్లయింది, లోకం విడిచి కూడా కొంతకాలమైంది. పోయినవాళ్ల మీద అసూయ పడకూడదంటారు. అలా అన్నవాళ్లెవరూ ఆయన పక్క గదిలో పాఠం చెప్పి ఉండరు.

నేను చెప్పాను. అనంతపురంలో చదువు ముగించుకుని, గోరంట్ల వైపు ఒక హైస్కూల్లో చరిత్ర మాస్టరుగా కొత్తగా చేరిన రోజులవి. పెద్ద తరగతి ఆయనది, చిన్న తరగతులు నావి. రెండు గదుల మధ్య గోడ లేదు, వెదురు తడిక ఉండేది. నా పెట్టుబడి అంతా హాస్యమే. రోము తగలబడుతుంటే నీరో చక్రవర్తి ఫిడేలు వాయించిన పాఠం వచ్చిన రోజు, మ్యాపులు చూపే కర్రను భుజానికి ఆనించి, కళ్లు మూసుకుని వాయించాను. పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. ఆ నవ్వు అణిగాక అవతలి నుంచి ఏమీ వినిపించలేదు. గదినిండా పిల్లలున్నా, తడిక అవతల బల్లి పాకినా తెలిసేంత నిశ్శబ్దం. నవ్వు తెప్పించడం నాకు వచ్చు. ఆ నిశ్శబ్దం తెప్పించడం రాదు. నా కడుపుమంట అక్కడ మొదలైంది.

కొన్నాళ్లకు ఆయన అదే నీరోను పెద్ద తరగతికి చెప్పాడు. మా పిల్లలకు ఏదో రాత పని పెట్టి నేను తడిక దగ్గర నిలబడ్డాను, గాలి కోసమని. నిప్పు అంటుకున్నప్పుడు నీరో ఆ ఊళ్లోనే లేడని రాసినవాళ్లున్నారనీ, తిరిగొచ్చి కొంపలు పోయినవాళ్లకు తన తోటలు తెరిచాడనీ, ఫిడేలు అప్పటికి ఇంకా పుట్టనే లేదనీ ఆయన నెమ్మదిగా చెప్పుకుపోతున్నాడు. అంతమాత్రాన మంచివాడనుకోవద్దనీ, కన్నతల్లిని చంపించినవాడనీ కూడా చెప్పాడు. మరునాడు నా తరగతిలో ముందు బెంచీ పిల్లవాడు లేచాడు. "సార్, మా అన్న పెద్ద తరగతిలో ఉండాడు. ఫిడేలు అప్పటికి లేదంట గదా, మరి మీరు వాయించింది ఏంది?" అన్నాడు. మ్యాపు కర్ర అన్నాను. నేను నిజం చెప్పిన ఆ ఒక్కరోజు ఎవరూ నవ్వలేదు.

ఆయనకో పద్ధతి ఉండేది. ఏ చక్రవర్తి పాఠమైనా పిల్లలు రెండు ముక్కలు రాయాలి. ఒకటి రాజు ఉప్పు తిన్నవాడిలా, ఇంకొకటి రాజు వల్ల కడుపు మండినవాడిలా. రాజు బతికుండగా మొదటివాడు రాస్తాడు, పోయాక రెండోవాడు రాస్తాడు, పుస్తకాల్లో మనకు దొరికేది ఈ ఇద్దరే అనేవాడు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. తనకల్లు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు రెండో ముక్కను గబగబా రాసేసేవాళ్లు. ఉప్పు తిన్నవాడి ముక్క దగ్గరే పెన్సిలు కొరుకుతూ కూర్చునేవాళ్లు. పన్ను కింద ఎద్దును తోలుకుపోతే ఏడ్చిన రోము రైతును ఒకడు రాశాడు. ఆ ఎద్దుకు పేరు కూడా పెట్టాడు. రోము ఎద్దుకు రాముడని పేరేమిటని నేనైతే వాణ్ణి ఆటపట్టించేవాణ్ణి. సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, దాని కొమ్ములు ఎట్లా ఉండేవో కూడా రాయమన్నాడు. ఆ మాట నాకెందుకు తోచలేదా అని చాలాకాలం ఏడ్చాను, లోపల్లోపల.

ఆయన రిటైరయ్యే ముందు హెడ్మాస్టరు నన్ను పిలిచి సన్మాన పత్రం రాయమన్నాడు. ముందటేడు డ్రిల్లు మాస్టరుకు చదివింది బీరువాలో ఉందనీ, పేరు మారిస్తే చాలనీ దారి కూడా చూపించాడు. "విద్యాదానకర్ణా, శాంతస్వరూపా" అని మొదలయ్యే పత్రం అది. రోములో చక్రవర్తి మారితే పాత విగ్రహం ముఖం చెక్కేసి కొత్తవాడి ముఖం చేసేవాళ్లనీ, మొండెం మాత్రం అదేననీ నేను తడిక పక్కనే విన్నాను. డ్రిల్లు మాస్టరు మొండేనికి సారు తల పెట్టడం పెద్ద పని కాదు. పైగా ఆయన రిటైరైతే పెద్ద తరగతి నాకొస్తుంది. అయినా కలం కదల్లేదు. ఆ కాగితానికి పటం కట్టి ఆయన ఇంట్లో తగిలిస్తారు. ఆయన పోయాక మిగిలేది అదే. ఆయన్ని ఒక శాంతస్వరూపుడిగా మిగల్చడమా, మనిషిగా మిగల్చడమా అన్నది, ఎవరి పాపమో గాని, నా చేతికొచ్చింది.

ఆయన ఇంటికే వెళ్లాను. అరుగు మీద నశ్యం పీలుస్తూ కూర్చున్నాడు. నాకు చేతకాదు, ఇంకెవరితోనైనా రాయించుకోండి అన్నాను.

"హెడ్మాస్టరుకు నీ పేరు చెప్పింది నేనే గదప్పా," అన్నాడు.

"నన్నెందుకు సారూ? మీరంటే ప్రాణమిచ్చేవాళ్లు బడినిండా ఉండారు."

"ఉండారు. వాళ్లు రాస్తే ఉప్పు తిన్నోడి రాత. నా మీద కడుపు మండేది నీకొక్కనికే. ఇన్నేండ్లూ తడికకు చెవి పెట్టి నిలబడినావు. కడుపు మండినోడు చూసినట్ల ఇంకెవరూ చూడరు."

"గాలి కోసరం నిలబడినా సారూ," అన్నాను.

"బాగా వచ్చిందా గాలి?" అన్నాడాయన.

సభలో పత్రం చదివాను. ఈయన శాంతస్వరూపుడు కాడు, చూడకుండా ఊహించి చెప్పినవాడి మీద సుద్దముక్క విసిరేవాడు, గురి తప్పేది కాదు అని మొదలుపెట్టాను. నశ్యం మరక లేని పుస్తకం ఆయన దగ్గర లేదన్నాను. నా జోకులకు ఒక్కసారీ నవ్వలేదన్నాను. రోము రైతు ఎద్దు కొమ్ముల గురించి చెప్పాను. ఆయన తరగతిలోని నిశ్శబ్దం నాకు కావాలి, అది ఇవ్వకుండానే వెళ్లిపోతున్నాడు అని ముగించాను. హెడ్మాస్టరు ముఖం మాడింది. దండలు తెచ్చినవాళ్లు దండలతోనే నిలబడిపోయారు. బల్లి పాకినా తెలిసేంత నిశ్శబ్దం, తడికకు ఇవతల, నా ముందు. దాని మధ్యలో ఖాదర్‌వలీ సారు నవ్వాడు, భుజాలు ఊగేలా, తుమ్ము వచ్చేదాకా.

పెద్ద తరగతి ఇప్పుడు నాది. రెండు ముక్కలు రాయించడం నేనూ మానలేదు. అవతలి గదిలో కొత్తగా ఒక కుర్ర మాస్టరు చేరాడు. మంచివాడు, కనిపించినప్పుడల్లా ఉప్పు తిన్నవాడిలా నన్ను తెగ పొగుడుతాడు. నా దిగులంతా అదే. పాఠం మధ్యలో ఆగి, అతను గాలి కోసం వచ్చి నిలబడ్డాడేమోనని తడిక వైపు చెవి పెడతాను. ఇంకా రాలేదు.