మూడు ఆదేశాలు, ఒక పరుపు

నిన్న నేను ఒక్క తప్పు చేశాను. ఒకటంటే ఒకటే! దానికే మా సంపు ఖాళీ అయింది, పక్కింటావిడ దూది తడిసింది, మా ఆయన పెళ్లయ్యాక మొదటిసారి నిర్దోషిగా తేలాడు.

మనం రాసిన ప్రోగ్రాంను చిప్‌కి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. దాన్ని బాగుచెయ్యడమే నా ఉద్యోగం, ఆదోనిలో ఇంటి నుంచే. ఒక్క బిట్టు సున్నానా, ఒకటా అని చూడ్డానికి మా కంపైలర్ మూడు ఆదేశాలు ఇచ్చేది: మిగతా బిట్లు చెరుపు, సున్నాతో పోల్చు, దాన్నిబట్టి ప్రోగ్రాంలో ఇంకోచోటికి దూకు. ఈ మూడూ ఒక్క దెబ్బలో చేసే ఆదేశం చిప్‌లోనే ఉంది! దాన్నే వాడేలా మార్చాను. మూడు పోయి ఒకటొచ్చింది. లెక్కపెట్టుకుని మురిసిపోయాను.

మా ఇంట్లో మోటరు స్విచ్చు అందరికీ అందే ఎత్తులోనే ఉంది. "ట్యాంకు నిండింది!" అన్న కేక మాత్రం ఎప్పుడూ నాకే వినపడాలి. అందుకే ఒక చిన్న బోర్డు తెచ్చి, నా కొత్త కంపైలర్‌తోనే ప్రోగ్రాం తయారుచేసి ఎక్కించాను. ట్యాంకు నిండితే బిట్టు ఒకటి, మోటరు ఆగాలి. "ఇక స్విచ్చు ఎవరూ ముట్టుకోవద్దు" అని ప్రకటించి, హెడ్‌సెట్ తగిలించుకుని ఆఫీసు మీటింగులో కూర్చున్నాను.

నా మార్పు గురించి గొప్పలు చెబుతుంటే మా టీమ్ లీడ్ అడిగింది. "మీ ఊళ్లో వాన దంచుతోందా? శబ్దం వస్తోంది."

"ఆదోనిలోనా! మా ఊరు కనబడితే మబ్బు పక్కకు తప్పుకుంటుంది" అని నవ్వాను.

అంతలో తలుపు ధడాల్న తెరుచుకుంది. పక్కింట్లో పరుపులు కుట్టే ఖైరున్‌బీ! "పద్మా, మీ నీళ్లన్నీ నా దూది మీద పడతాండాయి! ఎమ్మిగనూరు ఆయమ్మ సాయంత్రం పరుపు కోసం వస్తాంది, ఏం చెప్పల్ల నేను?"

పరిగెత్తాను. బోర్డు పెట్టేటప్పటికే నిండి ఉన్న ట్యాంకు పొర్లుతోంది, మోటరు ఆడుతూనే ఉంది. వారానికోసారి సంపులోకి వచ్చే నీళ్లు! స్విచ్చు కిందే కుర్చీ వేసుకుని మా ఆయన ఫోన్ చూస్తున్నాడు.

"ఆపొచ్చు కదా!"

"నువ్వే కదా ముట్టుకోవద్దంటివి?"

ఇన్నేళ్ల కాపురంలో నా మాట విన్న మొదటి రోజు.

ఖైరున్‌బీయే చెయ్యెత్తి ఆపింది. తర్వాత చూస్తే, 'ఒకటైతే దూకు', 'సున్నా అయితే దూకు' అని ఆ ఆదేశంలో రెండు రకాలు. నేను ఒకదాని బదులు ఇంకోటి పెట్టాను. నిండితే ఆడు, ఎండితే ఆగు!

"మూడు పనులు ఒకటి చేసినా అని పొద్దున్నుంచీ చెబితివే" అంది ఖైరున్‌బీ. "ఆ ఒకటి సరైందో కాదో చూడొద్దా తల్లీ?"

పోయిన వారం ఆమే నాకు కుట్టిన పరుపు, ఇంకా ఎవరూ పడుకోనిది, ఎమ్మిగనూరుకు వెళ్లిపోయింది. తడి దూదిని నేనూ మా ఆయనా మిద్దె మీదికి మోశాం.

సాయంత్రం లీడ్ ఫోన్ చేసింది. "టెస్టులన్నీ పాసయ్యాయా?"

"ఒకటి ఫెయిలైంది. మిద్దె మీద ఆరేశాం."