లేదనే మాటకు బరువు

పుట్టపర్తి జిల్లా కేంద్రమైన ఏడాది వేసవిలో నన్ను భూగర్భ జలాల విభాగంలో అసిస్టెంట్ జియాలజిస్టుగా ఆ జిల్లాకు బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. రైతు దరఖాస్తు పెట్టుకుంటే పొలానికి వెళ్ళి, బోరు వేస్తే నీళ్ళు పడతాయో లేదో చెప్పడం నా పని. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారుతోందో మీటరులో చూస్తాం. పగుళ్ళలో నీళ్ళున్న రాయి ఒక తీరుగా, గట్టి రాయి ఇంకో తీరుగా అంకెలు చూపిస్తుంది.

నాకొక అలవాటుండేది. రైతుల నోట మనసుకు పట్టే మాట వినిపిస్తే చిన్న నోటు పుస్తకంలో రాసుకుని, కింద నాకు తోచిన అర్థం రాసేవాణ్ణి. మీటింగుల్లో పై అధికారులు అడిగి మరీ చదివించుకునేవారు. అది నాకు కొంత గర్వంగానే ఉండేది.

కొత్తచెరువు దగ్గరి ఒక పల్లెలో నరసింహులు అనే పెద్దాయనకు కొంచెం వేరుశనగ చేను, ఒక గొర్రెల మంద ఉండేవి. బోరు కోసం దరఖాస్తు పెట్టింది మాత్రం ఆయన కొడుకు రామాంజి. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆ చేనులో మూడు చోట్ల చూశాను. కింద అంతా పగుళ్ళు లేని రాయే. నీళ్ళు లేవని చెప్పాను.

రామాంజి నమ్మలేదు. "పక్క చేన్లో పడినాయి గదా సార్. మీ మిషనుకు తెల్దేమో" అన్నాడు.

నరసింహులు జీపు దాకా నాతో నడిచొచ్చాడు. కొడుకు ఇంకా వెనకే ఉన్నాడని చూసుకుని మెల్లగా అన్నాడు: "లేదనే మాటకు గూడా బరువుండల్ల సార్."

"మంచి మాట చెప్పినావు" అన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయి, కొడుకు దగ్గరికి రావడంతో ఆగిపోయాడు. నేను జీపెక్కి ఆ మాట రాసుకున్నాను. కింద 'కాదని చెప్పేవాడికి ఓపిక, మర్యాద ఉండాలి' అని అర్థం రాశాను. ఆ తర్వాత జరిగిన మీటింగులో చదివితే అందరూ మెచ్చుకున్నారు.

అప్పట్లో మా పద్ధతి ఒకటుండేది. నీళ్ళున్న చోటు దొరికితే రైతుకు రిపోర్టు ఇచ్చేవాళ్ళం. దొరక్కపోతే 'అననుకూలం' అని రాసి ఫైల్లో పెట్టుకునేవాళ్ళం. నకలు ఇవ్వకూడదనేమీ లేదు. అడిగేవాళ్ళు లేరు, అడగొచ్చని మేమూ చెప్పేవాళ్ళం కాదు.

మరుసటి ఏడాది అదే దారిన వేరే పొలానికి పోతూ నరసింహులు ఇంటి ముందు ఆగాను. ఆయన భార్య ఓబుళమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి నీళ్ళిచ్చింది. రామాంజి మంద అమ్మేసి రెండు బోర్లు వేయించాడట. రెండింట్లోనూ దుమ్మే లేచింది. ఇప్పుడు అతను బెంగళూరులో వాచ్‌మన్. నరసింహులు ఊళ్ళో ఇంకొకరి గొర్రెలు మేపడానికి పోతున్నాడు.

"ఆయప్ప ఆ పొద్దు మిమ్మల్ని కాగితం అడిగినాడంట గదా సార్" అంది, మొగుణ్ణి గురించి. "ఆఫీసు సీలుండే కాగితమైతే మావాడు నమ్ముతాడని. మీరు మంచి మాటని మెచ్చుకుని పోయినారంట."

ఆయన కాగితమనలేదు, బరువన్నాడు. ఆమె కోపంగా అనలేదు. "కొడుకు ముందర ఆయప్పకు నోరు రాదు సార్. గట్టిగా అడగల్సింది" అని మళ్ళీ గింజలు తీయసాగింది.

ఆఫీసుకు పోయి ఆ ఫైలు తీశాను. నకలు రాసి సీలు వేయడానికి పావుగంట పట్టింది. అది పంపడానికి మొహం చెల్లక ఫైల్లోనే పెట్టేశాను.

సర్వీసులో మిగిలిన నెలల్లో నీళ్ళు లేవని తేలిన ప్రతి రైతుకూ అక్కడికక్కడే రాసి, సంతకం చేసి, సీలు వేసి ఇచ్చాను. కొందరు దాన్ని చూసి బోరు మానుకున్నారు, కొందరు వేశారు. రామాంజి మానుకునేవాడో లేదో నేను చెప్పలేను.

ఒక మాట నచ్చినప్పుడు, ఎందుకన్నావని ఆ మనిషినే అడగాలని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ రోజు నరసింహులు జీపు తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడు. నేను అడగలేదు.