సువార్తమ్మ టీచర్ గడ్డి మిషిన్

వాన కురిపించి, ఆపి, తడిసిన నేల మీద మళ్లీ ఎండను పరిచే దేవునికి స్తోత్రం. ఎవరూ విత్తనం వేయని చోట కూడా పచ్చదనం మొలిపించే ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఏ సంగతి చెప్పబోయినా ముందు ఆయనను తలుచుకుని, ఆ తర్వాతే మనుషుల ఊసెత్తాలని నాకు నేర్పిన ఆమె గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఈ ఉదయం వికారాబాదులో మా ఇంటి ముందు గడ్డి కోశాను. నాలుగు చాపలు పరిస్తే నిండిపోయేంత జాగా అది. చేత్తో నూకే మిషిన్ ముందుకు వెళ్తుంటే కొత్త గుడ్డను కత్తెర చీల్చుకుంటూ పోతున్నట్టు మెత్తని చప్పుడు. తెగిన గడ్డి కొసలు వెనక్కి ఎగిరి నా పాదాల మీద పడ్డాయి. వాటి పచ్చివాసన తగలగానే చేతులు మిషిన్ మీదే ఉన్నాయి కానీ నేను మాత్రం తాండూరులో ఉన్నాను. నా వెనక ఎవరో సన్నగా పాడుతున్నారు. తిరిగి చూస్తే ఆ పాట ఆగిపోతుందని తెలుసు కనుక తిరగకుండానే నడిచాను.

సువార్తమ్మ టీచర్ నాకు చిన్నప్పుడు ఆదివారపు బడిలో వాక్యం నేర్పారు. పెళ్లి చేసుకోలేదు. సర్కారు బడిలో ఉద్యోగం ముగిశాక తాండూరులో ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. తాండూరంటే బండల ఊరు. ఇంట్లో బండలు, వాకిట్లో బండలు, అరుగు మీద బండలు. అలాంటి ఊళ్లో ఆమె ఇంటి ముందు మాత్రం గడ్డి ఉండేది. గురువారం సాయంత్రం సంఘంలోని ఆడవాళ్లమంతా ఆ గడ్డి మీద గుండ్రంగా కూర్చుని ప్రార్థించేవాళ్లం. ఒకరి తర్వాత ఒకరు, పక్కవారు ఆమెన్ అనగానే మన వంతు.

మా ఆయన యాకోబు కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీకి పనికి వెళ్లేవాడు. జ్వరంతో పడుకున్నవాడు వారం తిరక్కుండానే కన్నుమూశాడు. ఆ తర్వాత నాకు ప్రార్థన రాలేదు. దేవుడు లేడని అనుకోలేదు. ఆయన ఉన్నాడు, నా దగ్గర మాటే లేదు. గురువారం నా వంతు వచ్చేది. అందరూ కళ్లు మూసుకుని ఎదురుచూసేవారు. పక్షులు గూళ్లకు చేరే చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. కాసేపయ్యాక టీచరమ్మ నా పక్కనున్న ఆమె చేతిని తాకేవారు, వంతు నన్ను దాటి వెళ్లేది. అలా ఎన్నో గురువారాలు గడిచాయి. ఇక కూటానికి రావడం మానేస్తానేమోనని, అలా మానేస్తే దేవుని దగ్గరికి మళ్లీ నా దారి నాకు దొరకదేమోనని, రెండు భయాలూ ఒక్కసారే ఉండేవి.

ఆ రోజుల్లోనే ఆమె ఇంటి గడ్డిని కొడవలితో కోసే మనిషి ఊరు విడిచి వెళ్లాడు. గడ్డి తీసేసి బండలు పరిపించమని చుట్టుపక్కల వాళ్లు చెప్పారు. టీచరమ్మ వినలేదు.

"వికారాబాదుకు పోయొస్త. మిషిన్ సూడాలె. నువ్వు గూడ రా బిడ్డా, నాకు తోడైతది," అన్నారు.

దుకాణంలో మూడు రకాలు చూపించారు. పెట్రోలుది ఒకటి, కరెంటు తీగ లాక్కుంటూ నడపాల్సింది ఒకటి, మూలన దుమ్ము పట్టిన నూకుడు మిషిన్ ఒకటి. పెట్రోలు మిషిన్ తాడు గుంజగానే దుకాణం గోడలు అదిరాయి.

"దీని లొల్లికి నా పాట నాకే ఇనరాదు," అన్నారు టీచరమ్మ.

"మరి కరెంటుది తీస్కోండ్రమ్మా."

"గడ్డి సూడాల్నా, తీగ కాలికి సుట్టుకుంటుందేమో సూడాల్నా?"

నూకుడు మిషిన్ ముందు ఆమె వంగి కూర్చున్నారు. సంచిలోంచి ఒక కాగితం ముక్క తీసి బ్లేళ్ల మధ్య పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పారు. కాగితం నలగకుండా తెగింది. ఇంకో కొస దగ్గరా అలాగే చూశారు. పిడి తన నడుము ఎత్తుకు వస్తుందో లేదో నిలబడి పట్టుకున్నారు. కోత ఎత్తు పెంచడానికీ తగ్గించడానికీ మర ఎక్కడుందో అడిగారు. దుకాణాయన మంచివాడు, దాచలేదు.

"అమ్మా, ముందుగాలే చెప్తున్న. దీన్ని వారం వారం నడపాలె. నాగా పెట్టి గడ్డి ఎదగనిస్తే ఇది కోయది, పండబెడ్తది. తర్వాత నా మీదికి లొల్లికి రావద్దు."

"గట్లనా? అయితే నాకు గిదే కావాలె," అన్నారామె, నా వైపు చూస్తూ.

లోపంగా చెప్పిన మాటను ఆమె గుణంగా ఎందుకు తీసుకున్నారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తిరుగు రైల్లో మిషిన్ బ్లేళ్లకు గోనె చుట్టి మా కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. ఎదురుగా గొంగడి కప్పుకుని కూర్చున్న గొర్రెల కాపరి చాలాసేపు దాన్ని చూసి, ఏమిటని అడిగి తెలుసుకున్నాడు.

"గడ్డికి గింత మిషినా? నా రెండు మేకల్ని ఇడుస్త, పొద్దుగూకే వరకు సాఫ్ చేస్తయి."

"నీ మేకలు గడ్డి తిని ఊకుంటయా? నా గులాబీ చెట్లు తిని, నన్ను గూడ వాసన చూస్తయి," అన్నారు టీచరమ్మ. పెట్టెలో అందరూ నవ్వారు. చాలా కాలానికి నా నవ్వు నాకు వినిపించింది. కిటికీ అవతల కంది చేలు సాయంత్రపు వెలుగులో నెమ్మదిగా వెనక్కి తిరుగుతున్నాయి.

ఆ శనివారం నుంచి పని మొదలైంది. ఆ నేలలో బండ ముక్కలు ఎక్కడపడితే అక్కడ తేలేవి. ఒక్క ముక్క తగిలినా బ్లేడు అంచు పోతుంది. అందుకని నేను ముందు వంగి నడుస్తూ ముక్కలు ఏరి కొంగులో వేసుకోవాలి, వెనక ఆమె నూకాలి. వంగిన నా వీపు వెనక ఆమె ఒక కీర్తన పాడేవారు, మధ్యలో ఆపి దేవునితో మాట్లాడేవారు. గోడ అవతలి మనిషితో మాట్లాడినట్టే ఉండేది. "ప్రభువా, గీ మూలకు నీళ్లు అందుతలేవు, జర సూడు." అంతే. మళ్లీ పాట. నేలను చూస్తూ, ఆ గొంతు వింటూ నడుస్తుంటే నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉన్నట్టుండేది.

వానకాలంలో మా అక్కకు ఒంట్లో బాగాలేక మోమిన్‌పేటకు వెళ్లి ఉండాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి గడ్డి మోకాలిదాకా ఎదిగింది. టీచరమ్మ ఒక్కరే చేయలేకపోయారు. నేను పిడి పట్టి నూకాను. దుకాణాయన చెప్పినట్టే గడ్డి తెగలేదు, తల వంచి పడుకుని, మిషిన్ దాటిపోగానే మళ్లీ లేచి నిలబడింది. ఎంత బలంగా నూకినా అంతే. నాకు ఏడుపు వచ్చింది.

"ఇగ ఇది కాదు టీచరమ్మా. మస్తు పెరిగిపోయింది. బండలే వేయించుకోండ్రి."

ఆమె వచ్చి మిషిన్‌ను పక్కకు వంచి, మర తిప్పి, కోత ఎత్తు వీలైనంత పెంచారు.

"ఒక్కసారే కిందికెల్లి కోస్తనంటే ఎట్లైతది బిడ్డా? ఇయ్యాల కొసలు కొయ్యి. కొసలే. ఎల్లుండి జర కిందికి దించుదాం."

నూకాను. కొసలు తెగాయి. అదే మెత్తని చప్పుడు, అదే వాసన. కోసినట్టే కనిపించలేదు కానీ కోశాం. రెండు రోజులాగి కొంచెం కిందికి, మళ్లీ రెండు రోజులాగి ఇంకొంచెం. గురువారానికి చాపలు పరిచేంత చదునయింది.

ఆ సాయంత్రం వంతు తిరుగుతూ నా దగ్గరికి వచ్చింది. పక్షుల చప్పుడు. టీచరమ్మ చెయ్యి పక్కామె వైపు కదలడం కళ్లు మూసుకునే నాకు తెలిసింది. యాకోబు గురించి, ఆ జ్వరం గురించి, ఎందుకని అడగాల్సినదంతా లోపల మోకాలిదాకా పెరిగి ఉంది. దాని జోలికి పోలేదు.

"ప్రభువా," అన్నాను. "గడ్డి పచ్చగున్నది."

అంతకుమించి రాలేదు. అందరికంటే ముందు టీచరమ్మ గొంతు ఆమెన్ అంది.

మరుసటి గురువారం ఇంకో మాట వచ్చింది. యాకోబు పేరు ప్రార్థనలో పలకడానికి మరో వానకాలం పట్టింది. ఆమె ప్రభువు సన్నిధికి చేరాక మిషిన్ నా దగ్గరికి వచ్చింది, నాతోపాటే వికారాబాదుకూ. ఇప్పటికీ శనివారం నాగా పెట్టను. నూకే ముందు వంగి నేల చూస్తాను. ఇక్కడ బండ ముక్కలు లేవు, అయినా వంగుతాను.

ఇది చదువుతున్నవారిలో వంతు వచ్చి మాట రాక కూర్చున్నవారు ఉంటారు. వారి కోసం ఇప్పుడు, ఉన్నచోటనే, నాతోపాటు ప్రార్థించండి. ఆ కూర్చున్నది మీరే అయితే పెద్ద మాటలు వెతకకండి. కిటికీలోంచి కనబడేది ఏదైనా ఒకటి ఆయనకు చెప్పండి. ఆమెన్ నేనంటాను.