పసుపు మడి మీద అవ్వ వడియాలు

ఆ రోజుల్లో నాకు ఎండంటే పిచ్చి. లోకమంతా నీడ వెతుక్కుంటుంటే, ఇంకాస్త మండమని సూర్యుడికి మొక్కేది మా రుద్రూర్ పక్క పల్లెల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. వ్యవసాయ డిప్లొమా అప్పుడే చేతికొచ్చింది, బోధన్‌లో ఎరువుల దుకాణంలో కొలువు దొరికింది, ఇక నేలతల్లిని బాగుచేయడమే తరువాయి అనుకున్నాను. మా పసుపు మడికి ఏటా దుంపకుళ్లే. బాపు విసిగిపోయి, "ఈపారి గూడ కుళ్లిందంటే చెరుకు పెడ్త. మల్ల పసుపు మాటెత్తద్దు" అన్నాడు. ఊరంతా చెరుకైనా, పసుపు ఉడికే వాసన లేని ఏడాది మా ఇంట్లో నేనెరగను. మనసు చివుక్కుమంది.

మట్టిలోకి విషపు గాలి పట్టించి తెగులు చంపే మందులున్నాయి గానీ, వాటితో మేలు చేసే పురుగులూ పోతాయి, పట్టించే మనిషికీ ముప్పే. అందుకని ఎండనే మందు చేశాను. మడి తడిపి, అద్దంలాంటి ప్లాస్టిక్ కవరు పరిచి, లోపలి ఉడుకుకు తెగులూ గడ్డి విత్తనాలూ చచ్చేలా అంచులు మట్టితో మూసి, "ఎవ్వరూ ముట్టద్దు" అని హుకుం జారీచేసి కొలువుకు పోయాను. (ఎందుకో చెప్పలేదు. పెద్ద చదువులవాళ్లు కారణాలు చెప్పరనుకున్నాను.)

దుకాణంలో సీజను ముందటి పనులు తెమిలి, నెల దాటాక, విత్తే ముందు ఇంటికొచ్చి చూద్దును కదా, కవరు మధ్యలో అవ్వ పాత చీర! (మా దిక్కు అమ్మను అవ్వ అంటాం.) దాని నిండా సగ్గుబియ్యం వడియాలు! కింద మట్టికి ఎండ తగిలితే ఒట్టు. కేకలేస్తూ ఉరికాను.

"ఎందుకే గట్ల ఒర్లుతవ్?" అంది అవ్వ తాపీగా. "ఇంత సాపు జాగ వట్టిగ ఉంచుతరా ఎవలన్న? నువ్వు పోయిన కాడికెల్లి రోజు ఈడనే ఎండవెడ్తున్న. సూడు, ఎట్ల గలగలమంటున్నయో!"

నా పంట పోయినట్టే అనుకుని, ఏడుస్తూనే పిడికెడు వేయించని వడియాలు నమిలేశాను. (బాగున్నాయి, అబద్ధమెందుకు.)

కవరు తీసి పసుపు విత్తాం, వానలు పడ్డాయి. మడంతా నున్నగా, పసుపు మొలకలు తప్ప గడ్డిపోచ లేదు. మధ్యలో మాత్రం సరిగ్గా చీర పొడవున, చీర వెడల్పున గడ్డి గుబురు! తర్వాత అక్కడి ఆకులే పసుపెక్కాయి, అక్కడి దుంపలే కుళ్లాయి. బాపు రెండు చోట్లా తవ్వి, దుంపలు రెండు చేతుల్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"బిడ్డా, చెరుకు ముచ్చట బంద్. వచ్చేయేడు మడంత కప్పుదం" అన్నాడు చివరికి. "మీ అవ్వ చీర మందం జాగ ఇడ్సిపెట్టు. సూసెటోల్లకు ఫరక్ ఎరుకైతది."

ఇప్పుడు రైతులకు ఇదే పని నెమ్మదిగా, కారణాలతో సహా చెప్తుంటాను. బాగానే వింటారు. కానీ ఒక్క మడి కోసం గుండె అంతలా కొట్టుకున్న ఆ పిల్ల ఆత్రం ఇప్పుడు నాలో వెతికినా దొరకదు. తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ పిల్ల మీద కాస్త అసూయ కూడా.