మహమూదా కుట్టిన పట్టా

తెనాలిలో సైన్ బోర్డులు రాసే మహమూదాకి ఇంటి ముందుగదే పనిచోటు. టైల్స్ మీద రంగు పడకుండా యూరియా సంచులు విప్పి, పట్టాలా కుట్టి పరిచింది. గోడలకి ప్లాస్టిక్ షీటు కట్టింది. ఆరేళ్లలో ఒక్క మరక పడలేదు.

ఆమె బోర్డు ఇవ్వడానికి రేపల్లె వెళ్లిన రోజు చుట్టాలొచ్చారు. మరిది తన్వీర్ నామోషీగా ఉందని పట్టా, షీటూ పీకేసి, తడి ఆరని ఇంకో బోర్డుని తెల్లగోడకి ఆనించాడు. ఆమె తిరిగొచ్చేసరికి గోడకి ఎర్రరంగు అంటుకుని టైల్స్ మీదికి కారింది.

“ఇల్లు ఇలా పాడుచేశావేంటి భాభీ!” అన్నాడు తన్వీర్.

మహమూదాకి ఒళ్లు మండిపోయింది. “పట్టా పీకిందెవరు? ఆరేళ్లు ఈ గోడని కాపాడింది నేను!” అంటూ టర్పెంటైన్ సీసా, గుడ్డ అతని చేతిలో పెట్టింది.

అతను సాయంత్రం దాకా తుడిచాడు. టైల్స్ తేటపడ్డాయి. గోడ మాత్రం గులాబీరంగుకి తిరిగింది. నెల్లాళ్లు ఆమె అతనితో మాట్లాడలేదు.